‘ఫ్లై’ అనే ఒక్క మాటను వేరుదాకా తవ్వడం ఎలా

పోయిన సంక్రాంతికి మా మేడ మీద పతంగులు ఎగరేస్తుంటే, ఏడో తరగతి చదివే మా మేనల్లుడు దారం చుట్టిన చర్ఖా నా చేతిలో పెట్టి ఒక ప్రశ్న వేశాడు. “అత్తా, ఫ్లై అంటే ఈగ కదా, మరి కైట్‌ని ఫ్లై చేయడమేంటి? ప్యాంటు జిప్పు దగ్గర ఉండేదాన్ని కూడా ఫ్లై అనే అంటారట, ఒకే మాట ఇన్నిటికి ఎందుకు?” అప్పటికి తోచిన జవాబు చెప్పాను. రాత్రి పనులన్నీ అయ్యాక కూర్చుని ఆ మాటను మొదలంటా తవ్వాను. ఎలా తవ్వానో ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే స్పోకెన్ ఇంగ్లిష్ కోసం ఊళ్ల నుంచి అమీర్‌పేట వచ్చి, హాస్టల్‌లో ఉండి, రోజుకు ఇరవై మాటలు బట్టీ పట్టి వారం తిరక్కుండా మరచిపోయి టెన్షన్ పడే పిల్లల్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఇరవై మాటలు పక్కన పెట్టండి. ఒక్క చిన్న మాట తీసుకుని దాని వేరు పట్టుకుంటే వెనకాలే పది మాటలు వాటంతట అవే వస్తాయి. పైగా తెలుగువాళ్లకి ఈ పనిలో పెద్ద సాయం ఇంట్లోనే ఉంది. దాని సంగతి కాస్త తర్వాత చెప్తాను.

ముందు డిక్షనరీ తెరవకండి. నోటుబుక్కు తీసుకుని ఆ మాట మీకు ఎక్కడెక్కడ తగిలిందో, తప్పా ఒప్పా అని చూడకుండా రాసుకుంటూ పోండి. హైదరాబాద్‌లో ఫ్లై తగలని రోజే ఉండదు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్లకు పైగా సాగే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఉంది కదా, 2009లో తెరిచారు, అత్తాపూర్‌లో ఎవరైనా అడ్రస్ చెప్పాలంటే దాని పిల్లర్ నంబరే చెప్తారు, అది ఫ్లైఓవర్. పొద్దున్నే పేపర్ మడతలోంచి జారిపడే కోచింగ్ సెంటర్ కాగితం ఫ్లయర్. ఇంటర్ పరీక్షల్లో ఉన్నట్టుండి హాల్లోకి వచ్చేది ఫ్లయింగ్ స్క్వాడ్, ఆ పరీక్షలు బాగా పాసయితే ఫ్లయింగ్ కలర్స్. మెకానిక్ షెడ్డులో క్లచ్ ప్లేట్ మార్చేటప్పుడు వినిపించే మాట ఫ్లైవీల్. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం తెరిస్తే మొదట వచ్చే ఖాళీ పేజీ, ఎవరో ఎవరికో ప్రేమగా పేరు రాసిచ్చిన పేజీ, దాని పేరు ఫ్లైలీఫ్. నా లిస్టు ఇరవై రెండు దాటింది. మీది పదికి తగ్గకుండా చూసుకోండి, ఎందుకంటే తర్వాత చేసే పనంతా ఈ లిస్టు మీదే.

ఇప్పుడు వాటిని గుంపులు చేయాలి. ఒక్కో మాట దగ్గర ఆగి “ఇక్కడ కదులుతున్నది ఏది, ఎలా కదులుతోంది” అని అడగండి. అర్థం ఏమిటి అని అడిగితే డిక్షనరీలో ఉన్నదే మళ్లీ వస్తుంది, కదలిక గురించి అడిగితే మాట లోపలి బొమ్మ కనిపిస్తుంది. ఫ్లై విషయంలో నాకు మూడు గుంపులు వచ్చాయి. గాల్లో వెళ్లేవి మొదటిది: పక్షి, విమానం, పతంగి, మెహదీపట్నం రోడ్డు మీదుగా వెళ్లే ఆ రోడ్డు కూడా. రెక్కలతో పని లేకుండా ఊరికే వేగంగా వెళ్లేవి రెండోది, ఫ్లయింగ్ స్క్వాడ్ ఇక్కడికే వస్తుంది, జోరుగా తిరిగే ఫ్లైవీల్ కూడా. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో అద్దెకు తిరిగే తేలికపాటి ఒంటి గుర్రం బండిని ‘ఫ్లై’ అనేవారు, మన టాంగా లాంటిదే, అదీ ఈ గుంపే.

మూడోదాన్ని పట్టుకోవడానికే ఎక్కువ సమయం పట్టింది, మా వాడి ప్యాంటు ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. ఒక అంచు కుట్టేసి లేదా కట్టేసి ఉండి, మిగతాది వదులుగా గాలికి లేచేదాన్ని ఇంగ్లిష్‌లో ఫ్లై అంటారు. జెండా చూడండి. కర్రకు కట్టిన వైపును హోయిస్ట్ అంటారు, గాలికి రెపరెపలాడే వైపును ఫ్లై అంటారు. టెంటు మీద అదనంగా వేసే గుడ్డ, గుమ్మం దగ్గర పైకెత్తే మడత కూడా ఫ్లైలే. ప్యాంటు ముందు జిప్పును కప్పే గుడ్డ మడత ఒకవైపే కుట్టి ఉంటుంది కదా, ఆ పేరు ఆ మడతది, జిప్పుది కాదు, జిప్పులు రాకముందు అక్కడ బొత్తాలుండే రోజుల్లోనే ఆ పేరుంది. ఫ్లైలీఫ్‌ని కూడా నేను ఈ గుంపులోనే రాసుకున్నాను, అతుకు ఉన్నది ఒక అంచుకే కాబట్టి.

గుంపులు అయ్యాక అదే మాటను తెలుగులో పెట్టి చూడండి. ఒక్క ఇంగ్లిష్ మాటకు ఒక్క తెలుగు మాట అని నేర్పడం వల్లే మన పిల్లలు సగం చోట్ల తడబడతారు. పక్షి ఎగురుతుంది. పతంగిని మనం ఎగరేస్తాం. పైలట్ విమానం నడుపుతాడు. మనం విమానంలో దుబాయ్ వెళ్తాం, “దుబాయ్‌కి ఎగురుతున్నా” అని ఎవరూ అనరు. తెలుగులో ఇవి నాలుగు వేరు క్రియలు, ఇంగ్లిష్‌లో నాలుగూ ఫ్లై. తనంతట తాను ఎగరడానికీ ఇంకొకరు ఎగరేయడానికీ తెలుగు క్రియ రూపం మార్చుకుంటుంది, ఇంగ్లిష్ ఫ్లై మార్చుకోదు. పతంగిని ఫ్లై చేయడమేంటి అని మా వాడికి వచ్చిన అనుమానం తెలివితక్కువ అనుమానం కాదు, తెలుగు బాగా తెలిసిన బుర్రకే అది వస్తుంది. ఇలా తిరగేసి కూడా చూడండి: మనం జెండా ఎగరేస్తాం, కాలర్ ఎగరేస్తాం, గద్ద కోడిపిల్లను ఎగరేసుకుపోతుంది, కోపం వచ్చినవాడు ఎగిరెగిరి పడతాడు. ఈ చివరి మూడింటికి ఇంగ్లిష్‌లో ఒట్టి ఫ్లై పెడితే అతకదు.

ఇంకొకటి, ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు బేగంపేట నుంచి శంషాబాద్ వెళ్లేదాకా సిటీ మధ్యలో ఉన్నవాళ్లకి విమానం నెత్తిమీదే కనిపించేది, “అదిగో ఫ్లైట్ పోతోంది” అనేవాళ్లం, ఇప్పటికీ అంటాం. తెలుగు మాటల్లో అది తప్పేం కాదు, అందరికీ అర్థమవుతుంది. కానీ ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు ఫ్లైట్ అంటే ఆ ప్రయాణం, ఆ యంత్రం పేరు ప్లేన్ లేదా ఎయిర్‌క్రాఫ్ట్. ఫ్లైట్ మిస్సవుతుంది, ఫ్లైట్ లేటవుతుంది, రన్‌వే మీద నిలబడి ఉన్నది మాత్రం ప్లేన్.

ఈగ సంగతికి వద్దాం. పాత ఇంగ్లిష్‌లో, అంటే వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో, ఎగరడానికి క్రియ ‘ఫ్లేయోగన్’, ఎగిరే చిన్న పురుగుకు పేరు ‘ఫ్లేయోగె’. ఎగిరేది కాబట్టి ఆ పేరు. మొదట్లో ఇది ఒక్క ఈగకే పరిమితం కాదు, రెక్కలున్న పురుగు ఏదైనా అదే. అందుకే సీతాకోకచిలుక బటర్‌ఫ్లై, తూనీగ డ్రాగన్‌ఫ్లై, మిణుగురు ఫైర్‌ఫ్లై అయ్యాయి. మనం కూడా అదే పని చేశాం, తేనెటీగలో ఈగ ఉంది, తూనీగలోనూ ఈగ వినిపిస్తుంది, అవి రెండూ ఈగలు కావు. ఇక్కడ పురుగుల శాస్త్రం చదివేవాళ్లు పాటించే ఒక చక్కటి పద్ధతి ఉంది, స్పెల్లింగ్‌లో ఎప్పుడూ అనుమానం వచ్చేవాళ్లకి పనికొస్తుంది: నిజంగా ఈగ జాతిదైతే రెండు మాటలుగా విడదీసి రాస్తారు, హౌస్ ఫ్లై, ఫ్రూట్ ఫ్లై అని. ఈగ కానిదైతే కలిపేసి రాస్తారు, బటర్‌ఫ్లై లాగా. ఈగ జాతి శాస్త్రీయ నామం డిప్టెరా, అంటే రెండు రెక్కలది. తూనీగకు, సీతాకోకచిలుకకు నాలుగు రెక్కలుంటాయి.

ఇక వేరు. దీనికి మీకు రెండు మూడు మంచి నిఘంటువులు కావాలి. ఇంగ్లిష్ మాటల పుట్టుకకు ఆన్‌లైన్‌లో ఎటిమాన్‌లైన్ ఉచితంగా దొరుకుతుంది, లోతుగా వెళ్లాలంటే ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ, మొదటి భాగం 1884లో వస్తే మొత్తం పూర్తయ్యేసరికి 1928 వచ్చింది, అంత ఓపికగా చేసిన పని. తెలుగుకు 1852 నాటి బ్రౌన్ నిఘంటువు, సంస్కృతానికి మోనియర్ విలియమ్స్, రెండూ ఫోన్‌లోనే వెతుక్కోవచ్చు. డిక్షనరీలో ఒకే స్పెల్లింగ్ పక్కన ఒకటి, రెండు అని చిన్న అంకెలు కనిపిస్తే వాటిని వదిలేయకండి, ఆ రెండింటినీ వేరు మాటలుగా లెక్కపెట్టారని దానర్థం.

ఇందాక సాయం ఇంట్లోనే ఉందన్నది ఇదే. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే జడ్జి సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని చెప్పాడు. ఇంగ్లిష్, జర్మన్ కూడా ఆ కుటుంబమే. ఆ మూల భాషలోని ‘ప’ శబ్దం సంస్కృతంలో ‘ప’గానే నిలిచింది, ఇంగ్లిష్ వైపు వెళ్లినప్పుడు ‘ఫ’ అయింది. దీన్ని 1822లో సూత్రంగా రాసినవాడు యాకోబ్ గ్రిమ్, పిల్లల కథల గ్రిమ్ సోదరుల్లో ఒకడు. ఒక్కసారి గట్టిగా చదవండి: పితృ, ఫాదర్. పాదం, ఫుట్. పంచ, ఫైవ్. పూర్ణం, ఫుల్. వీటిని నేను బోర్డు మీద రాసిన ప్రతిసారీ వెనక బెంచీలో ఎవరో ఒకరు “అరే” అంటారు, ఆ ‘అరే’ కోసమే నేను ఈ పాఠం చెప్తానేమో అనిపిస్తుంది.

ఇప్పుడు ఫ్లైలో ‘ఫ’ని తీసి ‘ప’ పెట్టండి. ‘ప్లు’ దగ్గరికి వస్తాం. సంస్కృతంలో ప్లు ధాతువుకు తేలడం, ఈదడం, గెంతడం అని అర్థాలు. 2021లో మనం జరుపుకున్న ఉగాది ప్లవ నామ సంవత్సరానిది, ప్లవ అంటే తెప్ప, పడవ. తెలుగు మీడియంలో చదివినవాళ్లకి భౌతిక శాస్త్రంలో ఉత్ప్లవన బలం గుర్తుంటుంది, నీళ్లలో వస్తువును పైకి నెట్టే బలం. జీవశాస్త్రంలో ప్లవకాలు, నీళ్లలో తేలుతూ బతికేవి. 2027లో రాబోయే ప్లవంగ నామ సంవత్సరంలో ప్లవంగం అంటే కోతి, గెంతుతూ వెళ్లేది కాబట్టి. ఇంగ్లిష్‌లో ఇదే వేరు నుంచి ఫ్లోట్ వచ్చింది, ఓడల గుంపును చెప్పే ఫ్లీట్ వచ్చింది, పక్షిపిల్లకు ఎగరడానికి ఈకలు రావడాన్ని చెప్పే ఫ్లెడ్జ్ వచ్చింది, ఫ్లై వచ్చింది. అంటే ఎగరడం అనే మాట మొదట నీళ్ల మీద పుట్టింది. గద్ద రెక్క ఆడించకుండా గాల్లో ఎలా నిలుస్తుందో గమనించినవాళ్లకి ఇది వింతగా ఉండదు, మనం కూడా మబ్బులు తేలుతున్నాయనే అంటాం.

మన మేడ మీది పతంగికి ఇంకో వేరు ఉంది, అది కూడా ఎగరడమే. సంస్కృతంలో ‘పత్’ అంటే ఎగరడం, పడడం కూడా. పతంగం అంటే ఎగిరేది: పక్షి, మిడత, శలభం. పత్రం అన్న మాట అక్కడిదే, దానికి ఆకు అనే కాదు రెక్క, ఈక అనే అర్థాలు కూడా ఉన్నాయి. ఇక్కడా ‘ప’ని ‘ఫ’ చేస్తే ఇంగ్లిష్ ఫెదర్. గ్రీకులో అదే వేరు ‘ప్టెరోన్’ అయింది, రెక్క అని అర్థం. ఇందాకటి డిప్టెరాలో ఉన్నది అదే, హెలికాప్టర్‌లోనూ అదే. హెలికాప్టర్‌ని అందరూ హెలి, కాప్టర్ అని విరుస్తారు, అసలు విరుపు హెలికో, ప్టెర్: మెలితిరిగే రెక్క. లాటిన్‌లో ఈకను పెన్నా అన్నారు, ఈకతో రాసేవారు కాబట్టి మన చేతిలోని పెన్ను. చార్మినార్ దగ్గర పతంగ్ అని అడిగి కొనుక్కునే పిల్లాడు హెలికాప్టర్‌కి, పెన్నుకి చుట్టం మాటను పలుకుతున్నాడన్నమాట. గాలిపటంలో ఉన్న పటం మాత్రం ఈ కుటుంబం కాదు, అది గుడ్డ అనే అర్థంలోని పటం.

ఇక్కడే జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ ఆట రుచి మరిగితే వినిపించిన ప్రతి రెండు మాటలనూ కలిపేయాలనిపిస్తుంది. కలపకండి. తెలుగు ఎగురుకు, ఇంగ్లిష్ ఫ్లైకి చుట్టరికం లేదు. తెలుగు ద్రావిడ భాష. దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లో మద్రాసులో అచ్చయిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాట రాస్తూ ఎల్లిస్ అనే ఇంగ్లిష్ అధికారి వివరంగా చూపించాడు. మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న ప్లవ, పత్రం లాంటివే ఇంగ్లిష్‌తో కలుస్తాయి, ఎగురు మన సొంతం. ఎగురు గెంతడానికీ పనికొస్తుంది, ఎగరడానికీ పనికొస్తుంది. ప్లులో కూడా గెంతడం ఉంది, అది చుట్టరికం కాదు, మనుషులు లోకాన్ని చూసే తీరులో ఉన్న పోలిక.

ఇంగ్లిష్ లోపల కూడా ఇలాంటి వలలు ఉన్నాయి. ఫ్లూ జ్వరం, ఎగిరింది అనే ఫ్లూ వినడానికి ఒకటే, జ్వరం ఫ్లూ ఇటాలియన్ ఇన్‌ఫ్లుయెంజా నుంచి కత్తిరించిన ముక్క. పారిపోవడం అనే ఫ్లీ మరీ కష్టపెడుతుంది, అది వేరే మాట, కానీ పాత ఇంగ్లిష్‌లోనే ఫ్లైతో కలగలిసిపోయింది. ఫ్లీ నుంచి వచ్చిన నామవాచకం ఫ్లైట్, ఫ్లై నుంచి వచ్చినదీ ఫ్లైట్. ‘ఫైట్ ఆర్ ఫ్లైట్’ అంటే పోరాడు లేదా పారిపో, ఎగరడం కాదు. ‘టైమ్ ఫ్లైస్’ అనే మాట వెనక ఉన్న లాటిన్ ‘టెంపుస్ ఫుగిట్’లో కూడా కాలం ఎగరదు, పారిపోతుంది.

వ్యాకరణం దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. ఫ్లై, ఫ్లూ, ఫ్లోన్. నీళ్లు పారడం ఫ్లో, ఫ్లోడ్, ఫ్లోడ్. మూసీ పొంగిందని ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు చాలామంది ఓవర్‌ఫ్లోన్ అని రాస్తారు, ఓవర్‌ఫ్లోడ్ అని రాయాలి. ఓవర్‌ఫ్లోన్ అంటే మూసీ మీదుగా ఎవరో ఎగిరి వెళ్లారని అర్థం వస్తుంది.

చివరి పని జాతీయాలు. వీటిని మాటకు మాట తెలుగు చేయొద్దు, అదే చోట మన అమ్మమ్మ ఏమనేదో వెతకండి. ఈగకు కూడా హాని చేయడని వాళ్లంటే మనకు అది చీమ. ఫ్లయింగ్ కలర్స్‌లో కలర్స్ రంగులు కావు, ఓడ జెండాలు. గెలిచిన ఓడ జెండాలు దించకుండా, ఎగురుతుండగానే రేవుకు వచ్చేది. మనకు విజయపతాకం ఎగరేయడం ఉండనే ఉంది. ‘ఫ్లై ఆఫ్ ది హ్యాండిల్’ అంటే ఒక్కసారిగా కోపంతో ఊగిపోవడం, వదులైన గొడ్డలి తల కర్రలోంచి ఊడి ఎగరడం ఆ బొమ్మ. ‘ఫ్లై ఇన్ ది ఆయింట్‌మెంట్’ అంటే బాగున్నదాన్ని చెడగొట్టే చిన్న లోపం, అది బైబిల్ నుంచి వచ్చింది, ప్రసంగి పదో అధ్యాయం మొదటి వచనంలో అత్తరు తైలంలో పడి చచ్చిన ఈగల ప్రస్తావన ఉంది, తెలుగు బైబిల్ ఇంట్లో ఉన్నవాళ్లు తీసి చూడండి. నాకు అన్నిటికన్నా నచ్చిన జత మాత్రం ‘ఫ్లై బై నైట్’ది. అద్దె ఎగ్గొట్టి రాత్రికి రాత్రి మాయమయ్యేవాడి నుంచి నమ్మకం లేని కంపెనీ దాకా ఆ మాట పాకింది. దానికి హైదరాబాద్ తెలుగులో ‘బోర్డు తిప్పేయడం’ ఉంది. చిట్టీల కంపెనీలో డబ్బులు పోగొట్టుకున్న ఇంట్లో పెరిగాను కాబట్టి ఆ రెండు మాటలూ నాకు పక్కపక్కనే కనిపిస్తాయి, అలా కనిపించిన మాటను మనిషి మరచిపోడు. మీ జాతీయాల పక్కన కూడా మీ ఇంట్లో జరిగిన ఒక సంగతి రాసుకోండి.

ఫ్లై అయ్యాక వెంటనే ఇంకో మాట పట్టుకోండి, వారానికి ఒకటి చాలు. మా వాడు కైట్ ఎంచుకున్నాడు. డిక్షనరీలో వాడికి మొదట కనిపించింది కాగితపు కైట్ కాదు, గద్ద. వెయ్యేళ్ల కిందట కైట్ అంటే ఆ పక్షి మాత్రమే, గాలిపటానికి ఆ పేరు 1660ల్లో గాని రాలేదు, గద్దలాగా గాల్లో నిలుస్తుంది కాబట్టి. అది నోటుబుక్కులో రాసుకుని, ట్యాంకు మీద వాలిన గద్దను కాసేపు చూసి, వచ్చే సంక్రాంతికి నైలాన్ మాంజా వద్దు, నూలు దారమే కొందామని వాడే అన్నాడు.